మొప్ప ఎత్తి చూపని బేరం

రామయ్యపట్నం కాసమ్మ దగ్గర చేప కొనడమంటే చిన్న విషయం కాదు. బేరం మొదలెట్టకముందే చేపను మీ చేతిలో పెట్టి, "ముందు మొప్ప ఎత్తి సూడు" అంటుంది. మొప్ప కింద ఎర్రగా ఉంటే ఆ పొద్దుట వలలో పడిందన్నమాట. రంగు మారి జిగురు కట్టిందంటే నిన్నటిది. మొహమాటపడి, చూడకుండానే డబ్బు తీసేవాళ్ళంటే ఆవిడకు ఒళ్ళు మంట. "సూడకుండా కొనీసి, రేపొచ్చి నా మీద ఏడుస్తావు గావాల" అని చేతిలోని చందువ చేపను లాక్కుని గంపలో పడేసిన సందర్భాలున్నాయి. ఒడిశాలోని బరంపురం బడా బజార్‌లో ఆవిడను పిన్ని వరసతో మాఉసీ అని పిలిచే ఒడియా ఇల్లాళ్ళు "మాఉసీ నోరు చెడ్డది" అని ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకుంటూనే ఆవిడ గంప చుట్టూ మూగుతారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అలాంటి కాసమ్మ ఒకసారి మొప్ప ఎత్తకుండానే బేరం ఒప్పేసుకుంది. అదీ చేపకు కాదు, కోడలి కడుపుకు.

కాసమ్మది సముద్రం ఒడ్డున పుట్టి, సముద్రం ఒడ్డునే కాపురం పెట్టిన బతుకు. మొగుడి పేరు కొండలు. సముద్రం మీద వేటకెళ్ళడం మానేసి, ఇప్పుడు వలలు బాగు చేసుకుంటూ కూర్చుంటాడు. మాట తక్కువ మనిషి. ఇంట్లో ఆయన వాటా మాటలు కూడా కాసమ్మే మాట్లాడేస్తుంది. కొడుకు అప్పలరాజు మంగుళూరు బోట్ల మీద పనికి పోయి, ఎప్పుడో గాని రాడు. ఇంటిని నడిపేది కాసమ్మ నెత్తి మీది గంప. తెల్లారేసరికి ఒడ్డున వేలంపాటలో చేపలు పాడుకుని, ఆటో పట్టుకుని బరంపురం చేరుతుంది. ఆ ఒడ్డున పాటలో నెగ్గాలంటే కెరటాల హోరును మించిన గొంతుండాలి. కాసమ్మకు అది దండిగా ఉంది.

ముప్పై ఏళ్ళు నిండకుండానే ఆవిడకు గర్భసంచి తీసేశారు. ఏదో తెల్లబట్ట అవుతోందని బరంపురంలో ఒక నర్సింగ్‌హోమ్‌కి వెళితే, "పిల్లలు పుట్టేశారు కదా, ఇంక దానితో పనేముంది, ఉంటే కేన్సరే" అన్నాడు అక్కడి పెద్ద డాక్టరు. అత్తగారు సరేనంది. తీసేశారు. అంతే. ఆవిడ వయసు ఆడవాళ్ళలో వాళ్ళ వీధిలో చాలామందికి ఇదే కథ. చేపలు ఎండబెట్టుకుంటూ "నీకు తీసీసినారేటి?" అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతారు, అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా. ఆపరేషన్ అయిన ఏడాది నుంచే కాసమ్మకు ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు లేచేవి. నడుము, మోకాళ్ళు ముసలిదానికి మల్లే పట్టేసేవి. ఉప్పుగాలి, గంప బరువు అనుకుని సరిపెట్టుకుంది.

ఆ వీధిలో ఇంకో పద్ధతి కూడా ఉంది. కోడలికి ఒంట్లో బాగోకపోతే, ఎక్కడికి వెళ్ళినా ఆ సంగతి అత్తే చెప్పాలి. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కన కూర్చుంటుంది. తలనొప్పైనా సరే, కడుపునొప్పైనా సరే, అత్త నోట్లోంచే బయటికి రావాలి. కాసమ్మ కోడలిగా ఉన్నప్పుడు అలాగే కూర్చుంది. ఇప్పుడు అత్తగా ఆవిడ వంతు వచ్చింది.

కోడలి పేరు బేబీ. పేరుకే బేబీ, ఒక ఆడపిల్ల తల్లి. సోన్‌పూర్ వైపు పిల్ల. ఒడియా బడిలో ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. నెమ్మదస్తురాలు. కొన్ని నెలలుగా నెలసరి ఆగకుండా అయి, పిల్ల పాలిపోయి, నీళ్ళ బిందె ఎత్తితే గోడ పట్టుకునే స్థితికి వచ్చింది. కాసమ్మ భయపడింది. కోడలంటే ఆవిడకు ప్రాణం, పైకి మాత్రం తిట్టకుండా పిలవదు. "ఒలే, లెగు, బరంపురం ఎల్దాం" అని తనకు ఆపరేషన్ చేసిన నర్సింగ్‌హోమ్‌కే తీసుకెళ్ళింది. పాత డాక్టరు పోయాడు. ఇప్పుడు ఆయన కొడుకు శ్యామసుందర్ చూస్తున్నాడు.

డాక్టరు శ్యామసుందర్ స్కాను తీయించి, తెర వంకే చూస్తూ కాసమ్మతో మాట్లాడాడు. "గర్భసంచిలో గడ్డ ఉంది. ఆలస్యం చేస్తే కేన్సర్‌లోకి దిగొచ్చు. రేపు పొద్దున్నే తీసేద్దాం. ఈ పూటే చేర్చండి."

"మీరెలాగంటే అలాగే బాబూ. నాకూ మీ నాన్నగారే తీసినారు," అంది కాసమ్మ, చుట్టరికం చెప్పుకున్నట్టు.

మంగుళూరుకి ఫోను వెళ్ళింది. బోటు మీది హోరులో అప్పలరాజు "అమ్మ ఏటంటే అదే" అన్నాడు. బేబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునే ఉంది. ఆ గదిలో ఆమె పేరు అందరి నోటా నలిగింది. ఆమెను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

మర్నాడు పొద్దున నర్సు ఒక నీలం గౌను, ఒక కాగితం పట్టుకొచ్చింది. గౌను మంచం మీద పడేసి, కాగితం బేబీ చేతికిచ్చి, కింద వేలితో చూపించింది.

"సంతకం పెట్టీవే," అంది కాసమ్మ.

బేబీ కాగితం వంక చాలాసేపు చూసింది. "ఇంగ్లీషులో ఉంది అత్తా. ఏటుందో సదివి సెప్పమను."

"అందరూ పెట్టేదే. డాక్టరుగారు వచ్చేస్తున్నారు, తొందరగా," అంది నర్సు.

"అందరూ పెడతారో నేదో నాను అడగనేదు. ఇందులో ఏటుందని అడిగినాను."

ఈ పిల్ల ఇలా మాట్లాడగలదని కాసమ్మకు ఇన్నేళ్ళలో తెలియదు. కాగితం పక్కన పెట్టి, బేబీ గౌనును మడతపెట్టి దిండు మీద ఉంచింది. "నాను రాను అత్తా. నన్నెవులూ అడగనేదు."

"డాక్టరుబాబు నిన్న సెప్పినాడు గదే!"

"నీకు సెప్పినాడు. నువ్వు సరేనన్నావు. మీ అబ్బాయి ఫోన్లో సరేనన్నాడు. కోసేది ఎవుల్ని?"

"నాను నీ మంచికి గాక..."

"తెలుసు అత్తా. కానీ సారెడు కవళ్ళ సేపలు అమ్మినా మొప్ప ఎత్తి సూపిస్తావు. నా కడుపులో ఏటుందో నాకెవులు సూపించినారు? నువ్వైనా సూసినావా?"

మొదట కాసమ్మకు ఆ పిల్ల చెంప పగలగొట్టాలనిపించింది. నర్సు ముందు, అదీ తన చేపల మాటే తన మీదికి తిప్పికొట్టింది! చెయ్యి లేవబోయి ఆగింది. ఇదే మేడ మీద, ఇలాంటి ఇనప మంచం మీద, కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్న ఒక పడుచుపిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్లకు కూడా అడగాలనే ఉండింది. ఏమి తీస్తారు, ఎందుకు తీస్తారు, తీస్తే ఏమవుతుంది అని నాలిక చివరిదాకా వచ్చింది. అత్త ఉందని మింగేసింది. ఆ మింగిన మాట కడుపులోనే ఉండిపోయిందని కాసమ్మకు ఇప్పుడు తెలిసింది.

"వాసవీకుమారి మీటింగులో సెప్పింది గదా," అంది బేబీ మెల్లిగా. వాసవీకుమారి వాళ్ళ ఊరి ఆశా కార్యకర్త. "మనకి తెలిసే మాటల్లో సెప్పాలంట. పరీక్షల కాయితాలు అడిగితే ఇయ్యాలంట. ఇంకో డాక్టరుకి సూపించుకోవచ్చంట. ఒప్పుకున్నాక కూడా ఒద్దనొచ్చంట. నువ్వూ ఒచ్చినావు."

కాసమ్మ వెళ్ళిన మాట నిజమే. బిస్కట్లు తిని, టీ తాగి, పక్కావిడతో పాట ధరల గురించి మాట్లాడి వచ్చేసింది.

కాసమ్మ లేచి కొంగు నడుముకు చుట్టింది. ఒడ్డున పాటకు దిగేముందు అలా చుట్టడం ఆవిడ అలవాటు. బేబీ చెయ్యి పట్టుకుని మెట్లు దిగి, డాక్టరు గది ముందు, పేషెంట్లు వరసగా కూర్చున్న చోట నిలబడింది. శ్యామసుందర్ అప్పుడే చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"ఏమ్మా, ఇంకా బట్టలు మార్చలేదా?"

"మార్చం బాబూ. దీని రోగం ఏటో దీనికి సెప్పు. ఎంత గడ్డ, ఎక్కడుంది, తియ్యకపోతే ఏటవుతాది?"

"నిన్న చెప్పాను కదా."

"నాకు సెప్పినావు. దానికి సెప్పు."

డాక్టరుకు చిరాకేసింది. "చెప్తే మీకు అర్థం కాదు. నువ్వేమైనా డాక్టరువా?"

"కాను. అందుకే అడుగుతున్నాను. డాక్టర్నైతే నిన్ను అడిగే కర్మ నాకేటి?"

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. డాక్టరు గొంతు పెరిగింది. "మందులతో తగ్గేది కాదు."

"ఇచ్చి సూసినావా? ఇయ్యకుండానే తెలిసిపోయినాదా?"

ఆయన తన గది తలుపు తీశాడు. "నమ్మకం లేకపోతే తీసుకెళ్ళిపో. రేపు కేన్సరని వస్తే మాత్రం నా బాధ్యత కాదు," అన్నాడు.

ఆ మాటతో కాసమ్మకు భయం పట్టుకుంది. ఇంతసేపూ నోరే మాట్లాడింది. ఇప్పుడు మనసు అడగడం మొదలెట్టింది. ఆయన చెప్పిందే నిజమైతే? పంతానికి పోయి పిల్లను తనే చంపుకుంటే? ఇంటి దగ్గర మనవరాలు తల్లి కోసం గుమ్మంలో ఎదురుచూస్తూ ఉంటుంది. ఒక్క క్షణం ఆయన కాళ్ళు పట్టుకుని తీసెయ్యమందామా అనిపించింది. అప్పుడు ఆవిడ జీవితంలో ఎన్నడూ చెయ్యని పని చేసింది. కోడలి వైపు తిరిగి అడిగింది.

"నువ్వు సెప్పవే. ఏటి సేద్దాం?"

బేబీ కొంగు నోటి మీంచి తీసేసింది. "ఇంకో డాక్టరు సూడాల అత్తా. వాళ్ళూ తియ్యాలంటే తీయించుకుంటాను. అన్నీ అడిగి తీయించుకుంటాను."

"ఇన్నావు గదా బాబూ. దాని స్కాను, రక్తం కాయితాలు ఇచ్చీ, ఎల్లిపోతాం."

"అవి ఇక్కడి రికార్డులు. బయటికివ్వం."

"బాగుంది! కడుపు దానిది, లోపలున్న గడ్డ దానిది, ఫొటో మాత్రం నీదా?" కాసమ్మ కౌంటరు ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కెరటాల హోరు మీద వేలంపాట పాడే గొంతు ఒక్కసారి విప్పింది. "అమ్మలారా, బాబులారా! ఈ పిల్ల కాయితాలు ఈ పిల్లకి ఇవ్వరంట! ఎందుకివ్వరో అడగండి!" తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి అరిచింది. మేడ మీద నుంచి జనం తొంగి చూశారు. మందుల షాపు కుర్రాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. బెంచీ మీద కాలికి కట్టుతో కూర్చున్న పెద్దాయన లేచి, "నా ఎక్స్‌రే కూడా నాకివ్వలేదు. ఎందుకని?" అన్నాడు. ఆయన పక్కావిడ తన చీటీ కూడా అడిగింది. డాక్టరు ఆ వరస అంతా ఒకసారి చూసి, లోపలికి వెళ్ళిపోతూ నర్సుకు చెయ్యి ఊపాడు. కాసేపటికి కవరు వచ్చింది. కట్టాల్సింది కట్టేసి, కాసమ్మ కవరును కొంగులో దోపుకుని, కోడల్ని రిక్షా ఎక్కించింది.

సర్కారు పెద్దాస్పత్రిలో వరస చాంతాడంత ఉంది. మధ్యాహ్నం దాటాక గాని వాళ్ళ వంతు రాలేదు. లోపల ఒక లేడీ డాక్టరు, అలిసిపోయిన మొహంతో, కవరు తీసి స్కాను చూసింది.

"ఎప్పట్నుంచమ్మా?"

"పండగ ముందు నుంచండీ, ఆగకుండా..." మొదలెట్టింది కాసమ్మ.

"మిమ్మల్ని కాదండీ. ఆ అమ్మాయిని." డాక్టరమ్మ బేబీ వైపు తిరిగింది. "మీ అత్తగారు ఇక్కడుండాలా, బయటుండాలా? నీ ఇష్టం."

బేబీ ఆలోచించింది. "ఉండనీండి. కానీ నాను సెప్తాను."

కాసమ్మ నోరు మూసుకుంది. పాటలో ఎంతమంది అరిచినా మూయని నోరది. పక్కన కూర్చుని, కోడలు చెప్పే మాటలు మొదటిసారి వింది. ఎంత నొప్పో, ఎన్ని రాత్రులు నిద్ర లేదో, కాపురంలో ఏం కష్టమో, ఇంకో బిడ్డ కావాలని ఎంత ఆశో. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర ఉండి తనకు ఇందులో సగం తెలియదు. కాసమ్మకు సిగ్గేసింది. కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరమ్మ కాగితం మీద గర్భసంచి బొమ్మ గీసి, గడ్డ ఎక్కడుందో చుక్క పెట్టి చూపించింది. చిన్నదే. ఇలాంటివి చాలామందికి ఉంటాయి, దాదాపు ఎప్పుడూ కేన్సర్ కావు. అనుమానం తీరడానికి చిన్న పరీక్ష ఉంది. రక్తం బాగా తగ్గిపోయింది, ముందు అది పెంచుకోవాలి. రక్తస్రావం తగ్గడానికి మందులున్నాయి. వాటితో లొంగకపోతే గడ్డ ఒక్కటే తీసే దారి ఉంది. సంచి తియ్యడం అన్నిటికన్నా ఆఖరిది. "అప్పుడైనా నువ్వు ఒప్పుకుంటేనే," అంది డాక్టరమ్మ. బేబీ ఒక్కో మందూ ఎందుకని అడిగింది. ఆవిడ విసుక్కుంటూనే చెప్పింది, కాని చెప్పింది.

లేచేటప్పుడు కాసమ్మ ఆగిపోయింది. "అమ్మా, ఒక్క మాట. నాకు పడుచుతనంలోనే సంచి తీసీసినారు. అప్పట్నుంచీ ఒళ్ళంతా ఆవిర్లు, ఎముకల్లో నొప్పులు. ఎందుకు తీసుంటారంటారు?"

డాక్టరమ్మ ఆవిడ మొహం వంక చూసింది. "కాగితాలు లేకుండా ఎలా చెప్పనమ్మా? ఆ నొప్పులు మాత్రం దానివల్లే కావచ్చు. సంచితో పాటు ఇంకేమైనా తీశారేమో మీకు చెప్పారా?"

ఎవరు చెబుతారు? కాసమ్మ దారి పొడుగునా మాట్లాడలేదు. బేబీకి భయమేసి, "తిట్టవేటి అత్తా" అని కూడా అంది.

మందులు పనిచేశాయి. బేబీ ఒంటికి కాస్త రంగు తిరిగింది. పరీక్షలో కేన్సర్ లేదని వచ్చింది. బిందె ఎత్తితే గోడ పట్టుకోవడం మానేసింది. గడ్డ అలాగే ఉంది. కొన్ని నెలలకోసారి చూపించుకోవాలి. అప్పలరాజు ఫోను చేసి "అమ్మ ఏటంటాది?" అంటే, "అమ్మ కాదు, నన్నడుగు" అని బేబీ చెప్పడం కాసమ్మ గోడవతల నుంచి విని ముసిముసిగా నవ్వుకుంది.

కాని తన ఆపరేషన్ సంగతి ఆవిడను నిద్ర పోనివ్వలేదు. ఒకనాడు చందువల గంప నెత్తిన పెట్టుకుని బరంపురం ఆటో దిగి, బడా బజార్‌కు వెళ్ళకుండా నేరుగా ఆ నర్సింగ్‌హోమ్ ముందుకు వెళ్ళింది. గంపను మెట్ల మీద దించి లోపలికి నడిచింది. నర్సు గుర్తుపట్టి అడ్డం రాబోతే పక్కకు తోసింది.

శ్యామసుందర్ ఆవిడను చూసి లేచి నిలబడ్డాడు. "మళ్ళీ ఏం కావాలి?"

"నాది. నా కోడలిది కాదు. నా పడుచుతనంలో మీ నాన్నగారు నాది తీసినారు. ఎందుకు తీసినారో సెప్పు. ఇంకేటేటి తీసినారో సెప్పు."

"ఎప్పటి సంగతమ్మా అది! ఆ కాగితాలు ఎవరి దగ్గరుంటాయి?"

"కాయితాలు నేకపోతే నోరుంది గదా. సెప్పు."

ఆయన కిటికీ వైపు చూశాడు. తర్వాత కాసమ్మ వైపు చూశాడు. ఎందుకోగాని ఈసారి అరవలేదు. "నాకు తెలీదు," అన్నాడు.

"తెలీదు," అంది కాసమ్మ. "నాకూ తెలీదు. మీ నాన్నకి తెలుసో నేదో. నా ఒంట్లోంచి తీసీసిన దాని సంగతి ఈ భూమ్మీద ఎవులికీ తెలీదు."

ఇంకా ఏదో తిట్టాలని వచ్చింది. తిట్లన్నీ దారిలో సిద్ధం చేసుకునే వచ్చింది. కాని ఏడుపొచ్చింది. ఆ మనిషి ముందు ఏడవకూడదని గబగబా బయటికొచ్చి, మెట్ల మీద గంప పక్కన కూలబడి ఏడ్చింది. ఆవిడ తల్లి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. వచ్చేపోయే పేషెంట్లు తప్పుకుని వెళ్ళారు. కాసేపటికి మొహం తుడుచుకుంది. లేచి వెళ్ళిపోలేదు. గంప మీది తడిగుడ్డ తీసి, అక్కడే, ఆ మెట్ల మీదే దుకాణం పెట్టింది. నర్సు వచ్చి లెమ్మంది. కాసమ్మ ఆవిడ వంక చూడనేలేదు.

మెట్లెక్కుతున్న ఒక అత్త, ఆమె వెనక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న కోడలు ఆగారు. అత్త చందువల ధర అడిగి, చూడకుండానే సంచీ చాపింది.

కాసమ్మ ఆవిడకు ఇవ్వలేదు. చేపను ఆ కోడలి చేతిలో పెట్టింది. నర్సింగ్‌హోమ్ మేడ మీదికి కూడా వినపడేంత గొంతుతో అంది: "నువ్వు సూడవే గుంటా. మొప్ప ఎత్తి సూడు. ఎవులు సెప్పినా సూడకుండా కొనీకు."